కెర్సీ అను మాట కథ

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకులు నన్ను కోరినప్పుడు, రాజుల యుద్ధములను గూర్చిగాని, కోటల ముట్టడులను గూర్చిగాని వ్రాయుటకు నా మనసు పోలేదు. ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే పుట్టిన ఒక చిన్న ప్రశ్న చాలకాలముగా నా మనసున మెదలుచున్నది. దానినే పాఠక మహాశయుల ముందుంచెదను.

ఒకనాటి సాయంకాలము ఉన్నత పాఠశాల విద్యార్థి యొకడు ఆంగ్ల నిఘంటువును తెరచి పెట్టుకొని, "మాస్టారూ, కెర్సీ అంటే ఏమిటండీ?" అని నన్ను అడిగెను. నిఘంటువులో "ముతక ఉన్నిగుడ్డ" అని అర్థమును, దాని వెంబడి ఇంగ్లండులోని ఒక గ్రామము పేరును, ఆ పేరుకు ముందు "బహుశా" అను చిన్న మాటయు ఉండెను. నేను చదివి చెప్పుచుండగా, ప్రక్కన పత్రిక చూచుచున్న మన ఊరి వృద్ధ నేతగాడొకరు కళ్లజోడు తీసి, "పంతులుగారూ, ఊరి పేరు గుడ్డకు పెట్టినారు, బాగానే ఉంది. నేసినవాళ్ల పేర్లేమన్నా రాసినారా అందులో?" అని అడిగిరి. నేను లేదంటిని. ఆయన మరల పత్రికలో తలదూర్చిరి.

ఆ పిల్లవాడు అడిగినది ఒక ప్రశ్న. ఆ పెద్దమనిషి అడిగినది మరియొక ప్రశ్న. మొదటిదానికి సమాధానము పుస్తకములలో దొరకినది. రెండవదానికి ఎంతవరకు దొరకునో ఈ వ్యాసము చివర మీరే నిర్ణయింపవచ్చును.

గ్రామము

ఇంగ్లండు తూర్పుభాగమున సఫోక్ అను మండలము కలదు. అందు హాడ్లీ యను చిన్న పట్టణమునకు సమీపమున కెర్సీ గ్రామమున్నది. గ్రామమునకు ఉన్నది ముఖ్యముగా ఒకే వీధి. ఆ వీధి ఒక మిట్టనుండి దిగి, పల్లమున ఒక చిన్న యేటిని దాటి, ఎదుటి మిట్ట నెక్కును. బండ్లు ఆ నీటిలోనుండియే దాటిపోవును. మిట్టపైన మధ్యయుగములనాటి చర్చి యున్నది. వీధికి ఇరువైపుల కొయ్యదూలముల నడుమ మట్టి మెత్తి కట్టిన పాత యిండ్లు నేటికిని నిలిచియున్నవి. వాటిలో పెక్కు, ఉన్నిగుడ్డల వ్యాపారము బాగుగా సాగిన దినములలో కట్టినవే.

ఈ గ్రామము పేరు మిక్కిలి ప్రాచీనము. పదవ శతాబ్దాంతమునాటి మరణశాసనములలోనే అది కనబడుచున్నది. ప్రాచీనాంగ్లములో నీటి ఒడ్డున పెరుగు, కొంచెము కారపు రుచిగల ఒక ఆకుకూరకును, నీరు చుట్టిన మెరకకును గల రెండు మాటలు కలిసి ఈ పేరు ఏర్పడినదని స్థలనామ పండితులు చెప్పుచున్నారు. మన గోదావరి ప్రాంతపు భాషలో చెప్పవలెనన్న "కూరాకుల లంక" యనవచ్చును. ఇంగ్లీషువారు ఈ పేరులోని సకారమును ఇంచుమించు జకారమువలె పలుకుదురు. మనము వ్రాతను అనుసరించి కెర్సీ యనియే వాడుకొందము.

గుడ్డ

కెర్సీ యను గుడ్డ ఎట్టిదో తెలిసికొన్నగాని దాని పేరు సంగతి బోధపడదు. గొఱ్ఱె ఉన్నిలో పొట్టిపోగులది కొంత, పొడుగుపోగులది కొంత యుండును. పొడుగు ఉన్నిని దువ్వెనలతో దువ్వి, పోగులన్నిటిని ఒకే వరుసకు తెచ్చి వడికినచో నున్నని నూలు వచ్చును. పొట్టి ఉన్నిని ముండ్లపలకలతో ఏకి వడికినచో పీచు పైకి లేచిన బొద్దునూలు వచ్చును. కెర్సీ ఈ రెండవ జాతిది. దానిని ఏటవాలు గీతలు వచ్చునట్లుగా నేసెడివారు. నేసిన పిదప గుడ్డను నీటిలో నానవేసి, జిడ్డును పీల్చు ఒక విధమైన మట్టిని పట్టించి, కాళ్లతో త్రొక్కియో, ఏటినీటితో తిరుగు కొయ్య సుత్తులతో దంచియో ముడుచుకొనునట్లు చేసెడివారు. అట్లు చేయగా గుడ్డ కుంచించుకొని, పోగులు ఒకదానిలో నొకటి చిక్కుకొని, గాలియు వానయు త్వరగా చొరనంత దట్టమగును. కెర్సీ పుట్టిన కారణము ఆ దేశపు చలియే.

మన ప్రాంతమున కురుమలు నేయు గొంగడిని చూచినవారికి ఇది సులభముగా తెలియును. గొంగడి పడుగునకు చింతగింజల గంజి పట్టించి, సన్నని పట్టెలుగా నేసి, ఆ పట్టెలను కలిపి కుట్టుదురు. వాన కురిసినప్పుడు గొంగడి తలపై కప్పుకొన్న కాపరికి వేరొక ఇల్లు అక్కరలేదు. ముతకయని పట్టణవాసులు నవ్వవచ్చును. ఆ ముతకదనమే దాని గుణము.

కెర్సీకి మరియొక లక్షణము గలదు. అది వెడల్పున చిన్నది. ఆ కాలపు మేలురకపు ఉన్నిగుడ్డను "బ్రాడ్‌క్లాత్" అనెడివారు. అనగా వెడల్పు గుడ్డ. ఆ వెడల్పున నాడెను ఒకే మనిషి ఇటునుండి అటు విసరి అందుకొనలేడు గనుక మగ్గముపై ఇద్దరు కూర్చుండవలెను. కెర్సీ సుమారు గజము వెడల్పే గనుక ఒక్కడే నేయగలడు. 1552లో ఇంగ్లండు పార్లమెంటు చేసిన శాసనమున సాధారణపు కెర్సీ పొడవు 17, 18 గజముల నడుమ ఉండవలెనని విధించిరి. రేవులలో సుంకము కట్టునప్పుడు మూడు కెర్సీలను ఒక వెడల్పుగుడ్డతో సమానముగా లెక్కించెడివారు. ఇంటిలో ఒకే మగ్గము, దానిపై ఒకే మనిషి, బీడుల పొట్టి ఉన్ని: ఇవి యున్న చోటనెల్ల కెర్సీ నేయవచ్చును. ఇది పేదనేతగాని గుడ్డ యగుటకు కారణమిదే.

పేరు

ఇక పేరు సంగతి. 14వ శతాబ్దమునాటికి ఈ మాట ఇంగ్లీషులో గుడ్డ పేరుగా స్థిరపడినది. గ్రామము పేరునుండియే గుడ్డకు పేరు వచ్చినదని పెక్కుమంది పండితుల అభిప్రాయము. దీనికి మూడు ఆధారములు చెప్పుదురు. మొదటిది, రెండు పేర్లకును గల పోలిక. రెండవది, సఫోక్ మండలము మధ్యయుగములలో ఉన్ని నేతకు ప్రసిద్ధి గన్నదగుట. మూడవది, ఊరి పేరు గుడ్డకు పెట్టుట ఆ దేశమున వాడుకగా నుండుట.

ఈ మూడవదానికి నిస్సందేహమైన ఉదాహరణము కలదు. పొరుగున నున్న నార్ఫోక్ మండలములో వర్స్టెడ్ అను గ్రామమున్నది. దువ్విన పొడుగు ఉన్నితో నేసిన నున్నని గుడ్డకు ఆ ఊరి పేరే వచ్చినది. నేటికిని మన పట్టణములలో కోటు గుడ్డ కొనువారు ఆ పేరు పలుకుచునే యున్నారు. బెల్జియములో ఆంట్వెర్ప్ సమీపమున డఫెల్ అను ఊరి పేరు మరియొక దళసరి ఉన్నిగుడ్డకు వచ్చినది.

అయినను నిఘంటుకారులు కెర్సీ విషయమున "బహుశా" అను మాటను తీసివేయలేదు. ఆ గుడ్డను మొదట నేసినది ఆ గ్రామమునందే యని రుజువుపరచు పత్రమేదియు బయటపడలేదు. పైగా పిమ్మటి శతాబ్దములలో సఫోక్ నేతగాండ్రు పేరుపొందినది నీలిరంగు వెడల్పుగుడ్డలకు. కెర్సీలను విస్తారముగా నేసినది డెవన్, హాంప్‌షైర్, యార్క్‌షైర్ మొదలగు దూరపు మండలములవారు. కావున పేరు కలిసినంతమాత్రమున పుట్టుక తేలినట్లు కాదని పండితులు జాగ్రత్తపడిరి.

ఆ జాగ్రత్త ఎంత అవసరమో తెలియుటకు కెర్సీ పొరుగునే మరియొక నిదర్శనము కలదు. అచ్చటికి కొద్ది మైళ్ల దూరములో లిండ్సే యను గ్రామమున్నది. అవిసెనార పడుగునను, ఉన్ని పేకనుగాను నేసిన ముతక గుడ్డను ఇంగ్లీషులో "లిన్సీ" యందురు. లిండ్సేనుండి లిన్సీ వచ్చినదని కొందరు, అవిసెనారకు గల పాత పేరునుండియే వచ్చినదని మరికొందరు చెప్పుచున్నారు. రెండును పొసగును. రెండు వివరణములు పొసగినప్పుడు, మనకు ఏది యిష్టమో చూచుకొని దానినే సత్యమనరాదు.

"ట్వీడ్" అను ముతక ఉన్నిగుడ్డ సంగతి ఇంకను చిత్రమైనది. స్కాట్లండులో ఏటవాలు నేతను "ట్వీల్" అనెడివారు. 1830 ప్రాంతమున ఒక లండను వర్తకుడు స్కాట్లండునుండి వచ్చిన కాగితములో ఆ మాటను సరిగా చదువలేక, అచ్చటి ట్వీడ్ నది పేరు అనుకొనెననియు, ఆ తప్పు పేరే వ్యాపారములో నిలిచిపోయెననియు చెప్పుదురు. ఆ వర్తకుని కన్ను తప్పినందున ఒక నది పేరు లోకములోని కోట్లన్నిటికిని ఎక్కినది!

మన దేశమునను ఊళ్ల పేర్లకు కథలు కట్టుట తక్కువ కాదు. రాముడు నడచెననియు, భీముడు వండెననియు చెప్పని ఊరు అరుదు. ఆ కథలు వినుటకు ఇంపుగా నుండును, వానిని తోసివేయనక్కరలేదు. కాని పాత శాసనములో ఆ ఊరి పేరు ఏ రూపమున నున్నదో చూచిన పిమ్మటనే చరిత్ర మొదలగును. నిఘంటువులోని ఆ "బహుశా" మన పిల్లలు నేర్చుకొనదగిన మాట.

మాట ప్రయాణము

మాట పుట్టుక సందేహమే యైనను దాని ప్రయాణము మాత్రము స్పష్టము. 16వ శతాబ్దములో ఇంగ్లండు కెర్సీలు ఓడలకెక్కి ఆంట్వెర్ప్ రేవునకును, అటనుండి ఇటలీ, హంగరీ దేశములకును, టర్కీ సుల్తాను రాజ్యమునకును పోవుచుండెను. బెర్క్‌షైర్ మండలములోని న్యూబరీ పట్టణమున జాన్ వించ్‌కూంబ్ అను వస్త్రవర్తకుడు నేయించిన కెర్సీలు ఆంట్వెర్ప్ బజారులో అతని పేరుతోనే చెల్లెడివి. గుడ్డతోపాటు మాటయు పోయెను. ఇటలీవారు "కారిసేయా" అనిరి. డచ్చివారు "కర్సాయ్" అనిరి. పోలండువారు "కరాజ్యా" అనిరి. ఒక యేటిగట్టు కూరాకు పేరు ఈ విధముగా ఐరోపా ఖండమంతయు తిరిగి వచ్చినది.

స్వదేశమున ఈ మాటకు మరియొక అర్థము వచ్చినది. పట్టు ధనికుల వస్త్రము. కెర్సీ సామాన్యుని వస్త్రము. కావున అలంకారములు లేక ఉన్నదున్నట్లు పలుకు మాటను కెర్సీతో పోల్చుట మొదలయ్యెను. షేక్స్పియరు తన "లవ్స్ లేబర్స్ లాస్ట్" నాటకములో, పట్టువంటి నునుపైన మాటలను విడిచి ముతకగుడ్డవంటి ఔను కాదులతోనే ఇకమీద ప్రేమను తెలుపుదునని ఒక పాత్రచే ప్రతిజ్ఞ చేయించెను. ముతక యనగా మోటు మాత్రమే కాదు, నిజాయితీ కూడ నని ఆ కవి యెరుగును.

నేతగాండ్ర ఆకలి

గుడ్డ కీర్తి దేశాంతరములకు పోయినంతమాత్రమున నేసినవాని కడుపు నిండునని తలపరాదు. 1525లో ఎనిమిదవ హెన్రీ రాజు ఫ్రాన్సుపై దండెత్తుటకు ధనము కావలసి, పార్లమెంటు సమ్మతి లేకయే ప్రజలపై ఒక పెద్ద పన్ను వేసెను. మంత్రి కార్డినల్ వుల్సీ దానిని వసూలు చేయబూనెను. దానికి "స్నేహపూర్వకమైన కానుక" అని పేరు పెట్టిరి! సఫోక్ వర్తకులు, రాజునకు ఇంత ఇచ్చిన పిమ్మట కూలి ఇచ్చుటకు తమయొద్ద ఏమియు మిగులదని చెప్పి నేతగాండ్రను, వడుకువారిని పనినుండి తొలగించిరి. కెర్సీకి సమీపమున లావెనమ్ అను నేతపట్టణము చుట్టుప్రక్కల కొన్ని వేలమంది గుమిగూడిరి. రాజప్రతినిధులుగా వచ్చిన ఇద్దరు డ్యూకులు మీ నాయకుడెవడని అడుగగా, దారిద్ర్యమే మా నాయకుడను అర్థము వచ్చునట్లు వారిలో నొకడు బదులు చెప్పెనని ఆ కాలపు చరిత్రకారుడు వ్రాసియున్నాడు. గుంపు శాంతించి చెదరినది. వారి ముఖ్యులకు క్షమాభిక్ష దొరకినది. రాజు పన్నును మానుకొనవలసి వచ్చినది. కోటకు గాని, ఫిరంగికి గాని లొంగని రాజు మగ్గములు నిలిచిపోవుట చూచి వెనుదీసెను.

పిమ్మటి కాలమున సఫోక్ నేత క్షీణించి, ఉత్తరమున యార్క్‌షైర్ కొండలలో కెర్సీ వృద్ధిపొందెను. 1724 మొదలు 1727 వరకు ప్రకటితమైన తన దేశయాత్రా గ్రంథములో డేనియల్ డీఫో, హాలిఫాక్స్ పట్టణపు కొండచరియలను వర్ణించెను. ప్రతి యింటి యెదుట కొయ్యచట్రము, దానికి కొక్కెములతో బిగించి ఆరవేసిన గుడ్డ, ప్రతి యింటిలో వడుకుచున్న స్త్రీలు, ఏకుచున్న పిల్లలు అతనికి కనబడిరి. ఆ చట్రమును "టెంటర్" అందురు. గుండె బిగపట్టుకొని దేనికొరకో ఎదురుచూచువానిని టెంటరు కొక్కెములపై నున్నాడని ఇంగ్లీషువారు నేటికిని చెప్పుకొందురు. మన భాషలో తీరిక లేక తిరుగువానిని ఆసులో కండెవలె తిరుగుచున్నాడని అన్నట్లే, అదియు మగ్గపుటింటినుండి వచ్చిన పలుకుబడి.

హాలిఫాక్సులో నేతగాండ్రు తమ గుడ్డలను అమ్ముకొనుటకై 1779లో "పీస్ హాల్" అను విశాలమైన అంగడిభవనము కట్టిరి. నడుమ పెద్ద ఆవరణము, చుట్టును 315 గదులు. కాని భవనము వెలసిన కొద్ది దశాబ్దములలోనే ఆవిరియంత్రములును, మరమగ్గములును వచ్చి ఇంటి మగ్గములను మూలపడవేసినవి. ఆ భవనము పిమ్మట కూరగాయల బజారయి, 2017లో మరమ్మతులు పూర్తియై సందర్శకులకొరకు మరల తెరువబడినది. గుడ్డలమ్మిన గదులు నిలిచినవి; గుడ్డ తెచ్చిన చేతులు లేవు.

అమెరికాలో ఈ మాట మరియొక చీకటిలో ప్రవేశించినది. 19వ శతాబ్దపు పూర్వార్ధమున రోడ్ ఐలండ్ రాష్ట్రపు మిల్లులు, దక్షిణ రాష్ట్రముల తోటలలో పనిచేయు నీగ్రో బానిసలకు ఏడాదికొకమారు పంచిపెట్టు ముతక గుడ్డలను నేసి పంపుచుండెను. వానిలో కెర్సీయు నొకటి. పనిచేయు మనిషికి ఆ గుడ్డను ఎంచుకొను హక్కు లేదు. ఆ మాట వినగానే యజమాని చేతినుండి పడిన గుడ్డయే వారికి గుర్తువచ్చును. 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధమున ఉత్తరపు సైనికుల లేతనీలి పంట్లాములును కెర్సీవే. బానిసకు తొడిగినదియు, బానిసత్వమును తుదముట్టించిన సైన్యము తొడిగికొన్నదియు ఒకే పేరుగల గుడ్డ. గుడ్డకు పాపపుణ్యములు లేవు. దానిని ఎవరు, ఎవరికి, ఎట్లు ఇచ్చిరన్నదే చరిత్ర.

మన తీరమునకు

ఈ కథకు మన దేశముతో సంబంధమున్నదా? ఉన్నది. 1611లో ఈస్టిండియా కంపెనీవారి "గ్లోబ్" అను ఓడ మచిలీపట్టణమునకు వచ్చినది. ఆంగ్లేయులు అచ్చట వర్తకస్థానము నెలకొల్పుకొనిరి. మన కలంకారీ అద్దకములు, సన్నని నూలుగుడ్డలు వారికి కావలెను. బదులుగా తమ దేశపు ఉన్నిగుడ్డలు అమ్మవలెనని స్వదేశమున ఒత్తిడి. కాని కృష్ణాతీరపు ఎండలో ఉన్నిగుడ్డ కట్టువాడెవడు? కొన్నది చాలవరకు ప్రభువులు. ఏనుగులకును, గుఱ్ఱములకును జూలులుగాను, డేరాలకును, పల్లకీలకును. అందుచే వెండి బంగారములు తెచ్చి మన గుడ్డలు కొనుట వారికి తప్పినది కాదు. దిగుమతియైన ఉన్నిగుడ్డలకు మన పాతవారు వాడిన బనాతు, సకలాతు అను మాటలు హిందుస్తానీనుండి వచ్చినవి. కెర్సీ యను మాట మన నోట నిలువలేదు.

ఆశ్చర్యమేమనగా, మన దేశపు మాటయొకటి వెళ్లి కెర్సీతో చేరినది. కాశ్మీరపు మెత్తని ఉన్ని కీర్తి విని, 18వ శతాబ్దమున ఇంగ్లండులో ఒక సన్నని ఉన్నిగుడ్డకు "కాసిమీర్" అని పేరు పెట్టిరి. అది కాశ్మీర శబ్దపు పాత రూపమే. బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్ పట్టణపు ఫ్రాన్సిస్ యర్బరీ 1766లో అట్టి గుడ్డకు పేటెంటు పొందెను. జనులకు కాశ్మీరము తెలియదు, కెర్సీ తెలియును; కావున వారి నోట అది "కెర్సీమీర్" అయ్యెను. సఫోక్ పల్లెయు హిమాలయపు లోయయు ఒక మాటలో కలిసిపోయినవి. కెర్సీ ముతకది, కెర్సీమీర్ సన్ననిది. రెండు పేర్లకును పుట్టుకలో చుట్టరికము లేదు. శబ్దము పోలినంతమాత్రమున బంధుత్వము కలుపరాదని ముందు చెప్పిన నీతికి ఇది మరియొక నిదర్శనము.

మన ఊరి పేరు మోసిన గుడ్డ

సఫోక్ గ్రామమున కంత గౌరవము వచ్చినదని మనము చిన్నబుచ్చుకొననక్కరలేదు. పశ్చిమగోదావరి జిల్లాలో నరసాపురమునకు సమీపమున గోదావరి ఒడ్డున మాధవాయపాలెమున్నది. 17వ శతాబ్దమునుండి ఆంగ్లేయుల వర్తకము అచ్చట సాగినది. 1833 వరకు కంపెనీ వాణిజ్యశాఖ యొకటి అందుండెను. ఆ ఊరి పేరు వారి నోట "మడపొల్లం" అయి, అచ్చటనుండి పోయిన తెల్లని నూలుగుడ్డకు పేరయ్యెను. కెర్సీకి "బహుశా" కావలసివచ్చినది గాని, దీనికి అదియు అక్కరలేదు. ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇటాలియను, స్పానిషు నిఘంటువులలో ఆ మాట నేటికిని కలదు.

అయితే దీని పరిణామము విచారకరము. లంకాషైర్ మిల్లులు మన గుడ్డను అనుకరించి నేసి, మన ఊరి పేరుతోనే లోకమున అమ్మినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున కొయ్యతో కట్టిన "మస్కిటో" విమానములపై ఆ పేరుగల గుడ్డనే అంటించి, పైన గట్టి పూత పూసిరి. గోదావరి గట్టుపై మగ్గముముందు కూర్చున్నవాని ఊరిపేరు జర్మనీపై ఆకసమున ఎగిరినది. కాని నేసిన పని అతని మనుమలకు మిగులలేదు. కెర్సీ గ్రామమున మగ్గములు ఆగిపోయినట్లే ఇచ్చటను ఆగినవి. అక్కడ యంత్రము స్వదేశపుది, ఇక్కడ పరదేశపుది. అంతే భేదము.

వృద్ధుని ప్రశ్న

ఇక ఆ పెద్దమనిషి ప్రశ్నకు వత్తము. నేసినవారి పేర్లు వ్రాసినారా? వర్తకుల పేర్లు వ్రాసినారు. పన్ను వేసినవారి పేర్లు వ్రాసినారు. తిరుగుబాటు చేసినప్పుడు కొందరి పేర్లు వ్రాసినారు. శిక్షింపవలసి వచ్చునేమో యని! దినదినము మగ్గముముందు కూర్చుండి, నాడె విసరి, చీకటిపడగానే లేచిపోయిన వేలమంది పేర్లు ఏ పుస్తకమునను లేవు. వారు మనకు విడిచిపోయినవి మాటలు మాత్రమే. కెర్సీ అను మాట వారి చేతివ్రాలు అనుకొనవలెను.

ఆ మాటయైనను మిగులుటకు కారణమేమి? ఎవడో ఒక గుమాస్తా సుంకపు పుస్తకములో వ్రాసినాడు; ఎవడో ఒక కవి నాటకములో వాడినాడు; ఎవడో ఒక నిఘంటుకారుడు ఎత్తి చూపినాడు. వ్రాయని మాటలు మనిషితోనే పోవును. మన ఊరిలో ఒకప్పుడు మ్రోగిన మగ్గములలో నేడు ఎన్ని మ్రోగుచున్నవో మీరెరుగుదురు. పడుగు, పేక, నాడె, ఆసు, కండె యను మాటలు నిఘంటువులలో నున్నవి. కాని మగ్గపు ప్రతి కొయ్యముక్కకు, నూలు తెగిన ప్రతి తీరుకు, గుడ్డలో వచ్చు ప్రతి లోపమునకు మన నేతగాండ్రవద్ద వేరువేరు మాటలున్నవి. వానిని వ్రాసినవారెవరు?

ఆ సాయంకాలము జరిగిన వారమునకు, నిఘంటువు తెరచిన ఆ విద్యార్థిని వెంటబెట్టుకొని నేను ఆ వృద్ధుని యింటికి పోతిని. మగ్గము గుంటలో బియ్యపు బస్తాలు పెట్టియుండెను. ఆయన వానిని చూపక, గాలిలోనే చేతులు ఆడించుచు ఒక్కొక్క భాగమును, ఒక్కొక్క పనిని చెప్పుకొనిపోయిరి, పిల్లవాడు వ్రాసికొనెను. ఒక మాట గుర్తురానప్పుడు ఆయన లోనికి తిరిగి, "ఏమేవ్, దాన్ని ఏమంటామే?" అని కేకవేసిరి. ఆమె వంటయింటినుండియే సమాధానము చెప్పినది. ఆరు పుటలు నిండినవి. వానిలో కొన్ని మాటలు మన గ్రంథాలయమునందున్న ఏ నిఘంటువులోను నాకు కనబడలేదు.

ఆ నోటుపుస్తకమును ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు సమర్పించుచున్నాము. మొదటి పుటపై ఆ దంపతుల పేర్లు, చెప్పిన తేదీ, ఊరి పేరు స్పష్టముగా వ్రాయించితిని. కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, కురుమ, రైతు సోదరులు, ముఖ్యముగా ఇంటి స్త్రీలు, తమ పనిలోని మాటలను మిగిలిన పుటలలో వ్రాయించవలెనని ప్రార్థించుచున్నాను. నిశ్చయముగా తెలిసినది తెలిసినదనియు, ఊహించినది "బహుశా" యనియు వ్రాసిన చాలును. పుస్తకము గ్రంథపాలకుని బల్లపై నుండును; కలమును దానికి దారముతో కట్టియుంచితిమి.